హన్మవ్వ తేన్పులు, పోచమ్మ పరేజు

మా నాయనమ్మను పేరు పెట్టి పిలిచే ధైర్యం ఆమె బతికుండగా ఎవరికీ లేదు. ఇప్పుడు ఆమె లేదు, కలం నా చేతిలో ఉంది, కాబట్టి పిలుస్తాను. హన్మవ్వ. హన్మవ్వ. ఇంకోసారి, హన్మవ్వ! హమ్మయ్య, ఎన్నేళ్ల ముచ్చట తీరింది.

ఆమె కథ రాయమని నన్నెవరూ అడగలేదు. మొన్న కామారెడ్డిలో డాక్టరు దగ్గరికి పోతే నా ఛాతీలో మంటకు ఏదో పొడుగాటి పేరు రాసి, రాత్రి పెందలాడే తినండి, తలకింద ఎత్తు పెట్టుకోండి, తిన్నాక కాస్త నడవండి అని ఏదో కొత్త సంగతి కనిపెట్టినట్టు చెప్పాడు. నాకు నవ్వాగలేదు. ఆయన ఏమనుకున్నాడో ఏమో, ఇంకో గోళీ ఎక్కువ రాశాడు. ఎనభై తొంభై ఏళ్ల కింద ఇవే మాటలు మా ఊళ్లో సాక్షాత్తూ పోచమ్మ తల్లి చెప్పింది. చెప్పిన నోరు మా నాయనమ్మది.

మా ఊరు నాగిరెడ్డిపేటకు కోసెడు దూరం, పోచారం చెరువు కట్టకు దగ్గర. నిజాంసాగర్ కట్ట పూర్తయిన ఏడు, అంటే ముప్పై ఒకటిలో, హన్మవ్వ పదహారేళ్ల పిల్లగా మా ఇంటికి కోడలై వచ్చింది. మొగుడు ఎంకయ్య, అంటే మా తాత, మెత్తని మనిషి. ఎంత మెత్తన అంటే, ఎద్దును అదిలించాలన్నా ముందు దాని మొహం వైపు చూసి మొహమాటపడేవాడు. ఆ ఇంట్లో మాట చెల్లేది ఒక్కరికే. అత్త నర్సవ్వకు.

నర్సవ్వకు రెండు విషయాల్లో పేరు. ఒకటి నోరు, రెండోది తొక్కు. పచ్చిమిరపకాయలు, చింతపండు, ఎల్లిపాయ వేసి ఆమె రోట్లో తొక్కు నూరితే పక్కింటి బర్రె తుమ్మేదని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ బర్రెను నేను చూడలేదు గాని, నమ్ముతాను. ఆ ఇంట్లో కారం లేని కూర కూర కాదు, పులుపు లేని బువ్వ బువ్వ కాదు.

తినడానికీ ఒక వరస ఉండేది. ముందు మగవాళ్లు, తర్వాత అత్త, ఆ తర్వాత బర్రెలకు కుడితి, అందరికన్నా ఆఖరున కోడలు. హన్మవ్వ కంచం ముందు కూర్చునేసరికి ఊరంతా ఒక నిద్ర తీసేది. కుండ అడుగున మిగిలింది ఎర్రగా ఉన్నా, నల్లగా ఉన్నా గబగబా మింగి, చెయ్యి తడి ఆరకముందే మంచం మీద పడేది. ఎందుకంటే మొదటి కోడి కూతకు లేచి జొన్నలు విసరాలి. తిన్నది గొంతులోంచి దిగే తీరికైనా లేదు.

నాలుగేళ్లు ఇట్లా గడిచేసరికి మంట పట్టుకుంది. రొమ్ము ఎముక కింద మొదలై గొంతు దాకా పాకేది. పడుకుంటే నోట్లోకి పుల్లని నీళ్లు ఎగదన్నేవి. లేచి కూర్చుంటే తేన్పు. ఆ తేన్పు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కథకు అదే ముఖ్యం. అది బ్రేవుమని ఒక్కసారి వచ్చి పోయే రకం కాదు. కడుపులో ఎక్కడో బయలుదేరి, ఛాతీలో కాసేపు ఆగి, గొంతులో గురగురలాడి, చివరికి ఇంటి కప్పు మీది పిట్టలు లేచిపోయేటట్టు బయటికి వచ్చేది. ఇరవయ్యేళ్ల సన్నపాటి పిల్లలోంచి అంత చప్పుడు వస్తుందని ఎవరూ అనుకోరు.

"ఏందే గా సప్పుడు? బర్రె ఈనిందనుకొని కొట్టంలకు ఉరికిన" అనేది నర్సవ్వ.

"మంటైతుంది అత్తమ్మా" అంటే, "పని జేస్తె అరుగుతది" అనేది. అంతేకాదు, కారం తింటే లోపలి జబ్బు చచ్చిపోతుందని ఇంకో ముద్ద తొక్కు వేసేది. పాపం, ఆమె ప్రేమ కూడా కారంగానే ఉండేది.

ముప్పై ఆరులో ఒక అంగడి రోజున, ఎద్దుకు పలుపు కొనాలని అబద్ధం చెప్పి ఎంకయ్య పెళ్లాన్ని బండిలో ఎల్లారెడ్డి తీసుకుపోయాడు. మా తాత తన జీవితంలో ఆడిన మొదటి అబద్ధం అదేనట. దారి పొడుగునా ఎద్దుకు కూడా మొహం చూపించలేకపోయాడట.

ఎల్లారెడ్డి బజారులో ఒక ముసలి హకీం సాబు ఉండేవాడు. ఆయన నాడి పట్టుకుని, నాలుక చూసి, కళ్లు మూసుకున్నాడు. సరిగ్గా అప్పుడే హన్మవ్వ తేన్చింది. హకీం సాబు కళ్లు తెరిచాడు.

"బేటీ, రాత్రి బువ్వ ఎప్పుడు తింటవు?"

"అందరు తిన్నంక సాబ్" అన్నాడు ఎంకయ్య.

"నిన్నడగలె. తినంగనే పంటవా?"

హన్మవ్వ తలూపింది. హకీం సాబు మందు డబ్బాల వైపు చెయ్యి కూడా చాపలేదు. "దీనికి మందు లేదు. పరేజు ఉంది" అన్నాడు. పరేజు అంటే పథ్యం. మా దిక్కున ఆ మాటకు మందు కన్నా ఎక్కువ భయపడతారు.

ఆయన చెప్పింది వింటుంటే ఎంకయ్య మొహం వాడిపోయింది. పొద్దు గూకక ముందే తినాలట. కడుపు సగమే నింపాలట. కారం, చింతపండు, నూనెలో వేయించినవి, కల్లు బందు. తిన్నాక నూరడుగులు నడవాలి, ఒక జాము దాకా నడుం వాల్చకూడదు. పడుకుంటే ఎడమ పక్కకే తిరగాలి. మంచానికి తలాపు దిక్కున కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చెయ్యాలి. నడుముకు చీర బిర్రుగా బిగించొద్దు. ఇంకా, చాయ్ మానెయ్యాలి. అప్పటికి హన్మవ్వ చాయ్ మొహమే చూడలేదు. కాబట్టి ఆ ఒక్కటీ మాత్రం అక్కడికక్కడే మానేసింది.

"మందియ్యుండ్రి సాబ్" అని ఎంకయ్య బతిమాలాడు. మందు ఇవ్వని హకీమును మా దిక్కున హకీమనరు మరి. ఆయన నవ్వి, సోంపూ పటికబెల్లమూ నూరి పొట్లం కట్టి ఇచ్చాడు. "గిది మందనుకో. కని పరేజు లేకుంటె గిది గడ్డిపోచతోని సమానం."

ఇంటికొచ్చి ఆ సంగతి నర్సవ్వకు చెప్పింది ఎవరనుకున్నారు? ఎవరూ కాదు. ఎంకయ్య పెళ్లాం వైపు చూశాడు, పెళ్లాం ఎంకయ్య వైపు చూసింది. మూడోనాడు హన్మవ్వే నోరు తెరిచింది, "అత్తమ్మా, నేను పొద్దు గూకక ముందు తినాల్నట" అని. అంతే.

"ఏందీ? కోడలు అత్తకన్న ముందుగాల తింటదా? మొగోడు ఇంకా పొలంల ఉండంగ కంచం ముందట కూసుంటదా? రేపు నేను జొన్నలు విసిరి నీకు గట్క వండిపెట్టాల్నా?"

ఆ పొట్లం మూడు రోజుల్లో అయిపోయింది. పరేజు మొదలే కాలేదు. హన్మవ్వకు మాత్రం ఒక్కటే కోరిక మిగిలింది, పొద్దుండగా ఒక పూట తృప్తిగా తిని, మంట లేకుండా తెల్లారేదాకా పడుకోవాలని. ఇరవై ఒక్క ఏళ్ల మనిషికి ఇంత చిన్న కోరిక. ఆ కోరిక గురించి ఆమె చెప్పినప్పుడల్లా నాకు మా ముత్తవ్వ నర్సవ్వ మీద కోపం వచ్చేది.

అదే ఏడు ఆషాఢంలో పోచమ్మ బోనాలు. పొద్దున్నుంచి ఆడవాళ్లకు ఒక్క పొద్దు, పచ్చి మంచినీళ్లు కూడా లేవు. హన్మవ్వ నెత్తిన బోనం, ముందు నర్సవ్వ, పక్కన జమిడిక వాయిస్తూ మా ఊరి పాటగాడు లింగం. ఖాళీ కడుపు, నెత్తిన ఎండ, ముక్కుల్లో గుగ్గిలం పొగ. గుడి ముందుకు వచ్చేసరికి లోపలి మంట గొంతు దాకా ఎక్కింది. ముందు ఒక ఆవులింత వచ్చింది. ఆ వెనకే తేన్పు.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. మా దిక్కున దేవత మనిషి ఒంటి మీదికి రావడాన్ని శివమూగడం అంటారు. అది ఎట్లా తెలుస్తుందంటే, ముందు ఆవులింతలు వస్తాయి, తర్వాత పెద్ద పెద్ద తేన్పులు వస్తాయి. ఈ సంగతి మా ఊళ్లో చంటిపిల్లకూ తెలుసు. నర్సవ్వకు మరీ బాగా తెలుసు. ఏడాదిగా ఇంట్లో విన్న అదే తేన్పు, గుడి ముందు వినేసరికి ఆమెకు ఒళ్లు జలదరించింది.

రెండో తేన్పుకు లింగం జమిడిక జోరు పెంచాడు. మూడోదానికి ఆడవాళ్లంతా గొంతెత్తి పోచమ్మ పాట అందుకున్నారు. ఎవరో బోనం దించారు, ఎవరో జుట్టు ముడి విప్పారు, ఎవరో వేపాకు నీళ్లు కుమ్మరించారు. హన్మవ్వ కళ్లు తిరిగి గుడి గోడ పట్టుకుంది.

ఊరి పటేలు రాజయ్య రుమాలు చేత పట్టుకుని ముందుకొచ్చాడు. "తల్లీ, ఎందుకొచ్చినవు? నీకేమైతుంది?"

"మంట!" అంది హన్మవ్వ. "మంట, మంట!"

పోచమ్మ అంటేనే వేడి తల్లి, చల్లబరచాల్సిన తల్లి. ఇంతకన్నా నమ్మకమైన జవాబు ఏముంటుంది? జనం చేతులు జోడించారు. "ఏం గావాలె తల్లీ?"

"సల్ల!"

ఏడిండ్ల నుంచి ఏడు ముంతల చల్ల వచ్చింది. పలచని, పులవని, తియ్యటి చల్ల. హన్మవ్వ గటగటా తాగుతుంటే గొంతులోంచి కడుపు దాకా చల్లదనం దిగింది. ఆ సుఖానికి కళ్లలో నీళ్లు తిరిగాయట. తల్లి కరిగిందని జనం కూడా ఏడ్చారు.

"మాతోని ఏం తప్పైంది తల్లీ?" అని అడిగింది ఈసారి నర్సవ్వ. మోకాళ్ల మీద కూర్చుని, కోడలి కాళ్లు పట్టుకుని మరీ అడిగింది.

హన్మవ్వ కిందికి చూసింది. కాళ్ల దగ్గర అత్త! నోటి నుంచి మాట దానంతటదే దూకింది. "పొద్దు గూకినంక ఎందుకు తింటున్నరు?"

జమిడిక ఆగిపోయింది.

"కోడలు పిల్లను ఆఖరుకెందుకు తినవెడుతున్నరు? గంత కారమెందుకు? ఛీ, కాలుతుంది!"

ఇది నాటకమా అని నేను నాయనమ్మను చాలాసార్లు అడిగాను. ఆమె ఎప్పుడూ ఒక్కటే చెప్పేది. "మంట నిజం బిడ్డా. తేన్పు నిజం. నోట్లెకెళ్లి వచ్చిన మాట తల్లిదో నాదో గప్పుడు నాకు తెల్వదు, గిప్పుడు గూడ తెల్వదు." అని, మళ్లీ తానే, "తర్వాతి మంగళారం సంగతి మాత్రం అడుగకు" అనేది.

తర్వాతి మంగళవారం ఊరు ఊరంతా మా వాకిట్లో ఉంది. హన్మవ్వ బొట్టు పెట్టుకుని కూర్చుంది. తేన్పు సమయానికి రానే వచ్చింది. తిన్నాక కట్ట దాకా నడవమని తల్లి సెలవిచ్చింది. ఆ తర్వాతి వారం, మంచాలకు తలాపు ఎత్తు చెయ్యమంది.

ఇక మా ఊళ్లో నవ్వుకు కొదవ లేదు. ఇటుకల కోసం వేట మొదలైంది. పటేలు రాజయ్య తన పాత పశువుల కొట్టం గోడ కూలగొట్టించి ఇంటింటికీ నాలుగేసి పంచాడు. మొదటి నాడు మా తాత తలాపు కింద ఇటుకలు మరీ ఎక్కువ పెట్టాడేమో, తెల్లారి లేచేసరికి మనిషి మంచం కాళ్ల వైపు ముద్దగా పోగయి ఉన్నాడు. నర్సవ్వ జారిపోకుండా నడుముకు తువ్వాల చుట్టి మంచం పట్టెకు కట్టుకుంది. తల్లి మాట తప్పే మనిషి కాదు మరి.

ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం ఇంకో తమాషా. మా తాత మంచం హన్మవ్వ మంచానికి కుడి పక్కన ఉండేది. నెల రోజులు ఆయనకు పెళ్లాం వీపే తప్ప మొహం కనబడలేదు. చివరికి ఒకనాడు ఎవరికీ చెప్పకుండా తన మంచం ఎత్తుకుపోయి ఎడమ పక్కన వేసుకున్నాడు. ఈ ముక్క చెప్పేటప్పుడు డెబ్బై ఏళ్ల ముసలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

సాయంత్రం పూట ఊరు చూడాలి. పొద్దు వాలకముందే అన్ని ఇళ్లలో పొయ్యి ఆరేది. పొలం నుంచి మగవాళ్లను కేకేసి పిలిచేవారు, "తల్లి గుస్స గావొద్దు, జెల్ది రాండ్రి" అని. జొన్నరొట్టె, పెసరపప్పు, ఆనపకాయ కూర, చల్ల. మా ఇంట్లో మొదటి కంచం హన్మవ్వది. "తిను తల్లీ" అని నర్సవ్వ భయంభయంగా వడ్డించేది. తిన్నాక ఆడవాళ్లంతా కట్ట మీదికి షికారు. అత్తలూ కోడళ్లూ పక్కపక్కన చేతులూపుకుంటూ నడుస్తుంటే గొర్లు కాసుకొచ్చేవాళ్లు నిలబడి చూసేవారు. కట్ట మీద తూము ఉంది, దాని దగ్గర నీళ్లలోకి రాతి మెట్లు దిగుతాయి. హన్మవ్వ రోజూ అక్కడ కూర్చుని, ఎన్ని మెట్లు బయటపడ్డాయో లెక్కపెట్టుకునేది. ఎందుకు అని అడిగితే, "కడుపుల మంట లేనోళ్లకు పొద్దుపోవాలె గద" అనేది.

మంట నిజంగానే పోయింది. మొదట రోజు విడిచి రోజు వచ్చేది, తర్వాత వారానికొకసారి, తర్వాత బోనం వండిన పొగకు ఎప్పుడైనా. మనిషి ఒళ్లు చేసింది. బుగ్గలొచ్చాయి. మంగళవారం తేన్పులు మూడు నుంచి రెండయ్యాయి, రెండు నుంచి ఒకటయింది. రెండేళ్లు తిరిగేసరికి, ముప్పై ఎనిమిదిలో, మంగళవారం పొద్దంతా కూర్చున్నా ఒక్క ఎక్కిలి తప్ప ఏమీ రాలేదు. "తల్లి ఇయ్యాల అలిసిపోయింది" అని సర్దిచెప్పి పంపారు.

ఆ వారం నుంచి హన్మవ్వకు నిద్ర లేదు. ఈసారి మంట వల్ల కాదు, భయం వల్ల. తేన్పు పోతే తల్లి పోయినట్టే. తల్లి పోతే మొదటి కంచం పోతుంది, మళ్లీ అందరూ తిన్నాక, మళ్లీ కుండ అడుగు, మళ్లీ ఆ మంట. ఒళ్లు బాగైనందుకు ఏడ్చిన మనిషి మా వంశంలో ఆమె ఒక్కతే.

ఆషాఢం బోనాలకు ఇంకా పది రోజులే ఉన్నాయి. సంగతంతా మొగుడికి చెప్పింది. ఎంకయ్య ఆలోచించి ఆలోచించి, రెండో అబద్ధం ఆడి, కామారెడ్డి పోయి స్టేషను దగ్గర గోలీసోడాలు నాలుగు కొనుక్కొచ్చాడు. అది తాగితే స్టేషను మాస్టరు కూడా తేన్చాడట, తన కళ్లతో చూశానన్నాడు. మొగుడూ పెళ్లాం గడ్డివాము చాటున కూర్చుని మొదటిది కొట్టారు. గోలీ లోపలికి పోయింది, సోడా అంతా మా తాత మొహం మీదికి వచ్చింది. రెండోది హన్మవ్వ తాగింది. తేన్పు వచ్చింది, మా తాతకు. ఆయన రెండు గుక్కలు తాగాడు లెండి. మిగిలిన రెండూ తాగితే హన్మవ్వకు ముక్కులోంచి నీళ్లొచ్చాయి, కళ్లలోంచి నవ్వొచ్చింది. తేన్పు మాత్రం రాలేదు.

మర్నాడు దొంగచాటుగా పాత తొక్కు కుండ తీసింది. రెండేళ్లయింది దాని మొహం చూసి. నాలుగు ముద్దలు మింగింది. చెవుల్లోంచి పొగ వచ్చినంత పని అయింది, వాకిలంతా గంతులేసింది. కడుపు మాత్రం గట్టిపడిపోయింది మరి, చెక్కుచెదరలేదు. చివరికి గాలి మింగి చిన్న తేన్పు తీయడం సాధన చేసింది. కప్ప కూసినట్టు వచ్చేది. అదే దిక్కని ఊరుకుంది.

ఆ ఏడు వాన లేదు. మృగశిర పోయింది, ఆరుద్ర పోయింది, చుక్క పడలేదు. పోచారం కింద వరి నాటాలా వద్దా అని ఊరంతా నారు పట్టుకుని నిలబడింది. నాటాక నీళ్లు చాలకపోతే నారూ పోతుంది, రెక్కల కష్టమూ పోతుంది, ఏడాది గింజలూ పోతాయి. బోనాల నాడు తల్లినే అడుగుదామన్నాడు రాజయ్య పటేలు.

గుడి ముందు జనం. లింగం జమిడిక అందుకున్నాడు. హన్మవ్వ జుట్టు విప్పుకుని నిలబడింది. "తల్లీ, వరి నాటమంటవా?" అని అడిగాడు పటేలు.

ఏమీ రాలేదు. లింగం వేళ్లు నొప్పిపుట్టేదాకా వాయించాడు. గుగ్గిలం పొగకు జనం దగ్గారు, హన్మవ్వ దగ్గలేదు. వెనకాల గుసగుస మొదలైంది. "తల్లి వోయింది." "పోతె పోయింది, ఇగనన్న ఇంత కారం దినొచ్చు." ఎవరో మగవాడు నవ్వాడు కూడా. ఆ నవ్వు హన్మవ్వ చెవిన పడింది.

గాలి మింగింది. బుగ్గలు నిండా పట్టింది. ఇక ఒక్క కప్ప కూత చాలు, రెండేళ్లు గడిచినట్టే ఇంకో రెండేళ్లు గడుస్తాయి. ఎదురుగా నారుకట్టలు పట్టుకుని జనం. ఇంతమంది ఏడాది తిండి ఒక దొంగ తేన్పు మీద పెట్టాలా? ఆమెకు చేతకాలేదు. గాలి వదిలేసింది.

"రాదు" అంది. "నా పానం మంచిగైంది. గా తేన్పులు నా రోగం. ఎల్లారెడ్డి హకీం జెప్పిన పరేజే నేను మీకు జెప్పిన."

రాజయ్య పటేలు మొహం ఎర్రబడింది. "రెండేండ్ల సంది ఊరంతటిని ఆడిపిచ్చినవా? నా కొట్టం గోడ కూలగొట్టిచ్చినవు గదనే!"

అప్పుడు నర్సవ్వ లేచింది. హన్మవ్వ కళ్లు మూసుకుంది, ఇక అయిపోయిందనుకుని.

"గోడ వోతె ఏమాయె పటేలా, మల్ల కట్టుకో" అంది నర్సవ్వ. "ముప్పై ఏండ్లు నా ఛాతిల గదే మంట. ఆడిది గిసోంటిది జెప్తదా అని ఎవ్వలకు జెప్పలె. సున్నం నాకి, నోరు మూసుకొని పన్న. కారం దింటె మంట సస్తదని ఇంకింత దిన్న, దీనికి గూడ దినవెట్టిన. రెండేండ్ల సంది కంటినిండ పంటున్న. నువ్వు పంటలేవా? నిజం జెప్పు."

నిజానికి పటేలు కూడా హాయిగా పడుకుంటున్నాడు.

నర్సవ్వ కోడలి వైపు తిరిగింది. "రోజు కట్ట మీద కూసుంటవు గద. నీళ్ల సంగతి ఈ మొగోళ్లందరికన్న నీకెర్క. నువ్వే జెప్పు, నాటాల్నా వద్దా?"

రెండేళ్లు ఊరదిరేటట్టు మాట్లాడిన హన్మవ్వకు సొంత గొంతుతో చెప్పాల్సి వచ్చేసరికి గొంతు పీలగా వచ్చిందట. "నిరుడు గీ దినానికి తూముకాడ తొమ్మిది మెట్లు తేలినయి. ఇయ్యాల పద్నాలుగు. సగం మడులే నాటుండ్రి. మిగిలినదాంట్ల జొన్న సల్లుకోండ్రి."

"గిది తల్లి మాటనా, నీ మాటనా?" అని గట్టిగా అడిగాడు పటేలు.

తల్లి మాట అంటే అక్కడితో అయిపోయేది. ఎవరూ కాదనేవారు కాదు.

"నా మాటనే" అంది హన్మవ్వ.

రాజయ్య పటేలు రుమాలు భుజాన వేసుకున్నాడు. "అయితే నడువు, సూపియ్యి."

బోనాలు అక్కడే దించి ఊరంతా కట్ట మీదికి నడిచింది. మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వంగి మెట్లు లెక్కపెట్టారు. ఒకాయనకు పదమూడు వచ్చాయి, మళ్లీ లెక్కపెట్టించారు. పద్నాలుగే. నాటేది సగమే అని అక్కడే మాట అనుకున్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ ఆమెకు చేతులు జోడించలేదు. పక్కన నడుస్తూ, మా మడికి నీళ్లొస్తాయా, మా మడికి వస్తాయా అని అడిగారు. అది ఆమెకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. హన్మవ్వ అలవాటు చొప్పున వాకిట్లో ఆగిపోయింది. ఇప్పుడు తాను ఎవరని లోపలికి పోవాలి? ఎవరు ముందు తినాలి? మగవాళ్లు ఇంకా కాళ్లు కడుక్కుంటున్నారు. పొయ్యి దగ్గరికి పోదామని అడుగు వేసింది.

లోపల కంచం పెట్టిన చప్పుడైంది. "ఓ హన్మీ, పొద్దు గూకుతుంది, వచ్చి తిను" అని కేకేసింది నర్సవ్వ. రెండేళ్లుగా తల్లీ తల్లీ అని పిలిచిన నోటితో, పేరు పెట్టి.

హన్మవ్వ కూర్చుంది. రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నర్సవ్వ చల్ల ముంత దగ్గరికి జరిపి, కసిరింది.

"ఏడ్సుకుంట తింటె అరుగుతదానే? మెల్లగ దిను."